నొప్పి ఒళ్ళంతా, కారణం అరికాల్లో: నా అనుభవం

ఏళ్ళ తరబడి ఎముకల నొప్పులతో డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు మీ పాత రిపోర్టుల ఫైల్ తీసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. కాల్షియం ఉంటుంది, విటమిన్ డి ఉంటుంది, థైరాయిడ్, షుగర్, యూరిక్ యాసిడ్ అన్నీ ఉంటాయి. ఫాస్ఫరస్ మాత్రం చాలామంది ఫైళ్ళలో ఉండదు. నా ఫైల్లోనూ లేదు. రెండేళ్ళకు పైగా అంత లావు ఫైల్ మోసుకు తిరిగాను, అందులో ఎంఆర్ఐలు ఉన్నాయి, బోన్ స్కాన్ ఉంది, చిన్న ల్యాబ్‌లో కూడా తక్కువ ఖర్చుతో చేసే ఆ ఒక్క రక్త పరీక్ష మాత్రం లేదు.

నాకు వచ్చిన జబ్బు పేరు ట్యూమర్ ఇండ్యూస్డ్ ఆస్టియోమలేషియా. ఒంట్లో ఎక్కడో ఒక చిన్న గడ్డ పుట్టి, అది వదిలే హార్మోన్ వల్ల ఎముకలన్నీ మెత్తబడిపోతాయి. చాలా అరుదు అంటారు. అరుదు కాబట్టే దీని గురించి తెలుగులో వెతికితే నాకు ఏమీ దొరకలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు. నేను మండల పరిషత్ స్కూల్లో టీచర్ని. మొదట ఎడమ పాదం నొప్పి, తర్వాత తుంటి, ఆ తర్వాత పక్కటెముకలు. దగ్గితే పక్కటెముకల్లో పోటు, మంచం మీద పక్కకు తిరగాలంటే ప్రాణం పోయేది. నొప్పి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది బలం తగ్గిపోవడం. పిల్లల పక్కన కింద కూర్చుంటే మళ్ళీ లేవడానికి బెంచీ పట్టుకోవాలి, ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీదికి కాలు ఎత్తలేకపోయేదాన్ని, కండక్టరు చెయ్యిచ్చి లాగితే ఎక్కేదాన్ని. నడిచేటప్పుడు ఒళ్ళు అటూ ఇటూ ఊగేది. ఇంకోటి, అవే చీరలు, అదే కట్టు, అంచు మాత్రం నేలకు రాసుకుంటోంది. కుచ్చిళ్ళు సరిగా పెట్టడం లేదేమో అనుకునేవాళ్ళు చూసినవాళ్ళంతా. నిజానికి నా ఎత్తే తగ్గుతోంది, వెన్నుపూసలు అణిగిపోతున్నాయి.

మా వైపు ఎవరికైనా ఎముకల నొప్పి అంటే మొదట అనేది ఫ్లోరైడ్. మా అత్తమ్మ అయితే ఖాయం చేసేసింది. "మన నీళ్ళమ్మా, మీ మామయ్యకూ ఇట్టాగే నడుం పట్టేసింది, ఎంతమందిని చూళ్ళా" అనేది. ఆమె మాటలో అబద్ధం లేదు. మా పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ ఇక్కడి జనం ఎముకలు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఎలా పాడవుతున్నాయో రాశారు. మన దేశంలో ఈ జబ్బు గురించి బయటికొచ్చిన తొలి రాతల్లో అదొకటి. తరాలుగా వంగిపోయిన నడుములు చూసిన ఊళ్ళు మావి. అందుకని మా ఇంట్లోనే కాదు, చూపించుకున్న చోటల్లా కూడా ఊరి పేరు చెప్పగానే "ఓ, ఆ వైపా" అనేవాళ్ళు. అక్కడితో ఆలోచన ఆగిపోయేది.

ఫ్లోరోసిస్‌కీ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుకీ) నా జబ్బుకీ తేడా ఎక్స్‌రేలోనే చాలావరకు తెలుస్తుందని, చివరికి నా జబ్బు బయటపడ్డ వెల్లూరు ఆసుపత్రిలో చెప్పారు. ఫ్లోరైడ్ వల్ల దెబ్బతిన్న ఎముక ఎక్స్‌రేలో సాధారణంగా మరీ తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా గట్టిపడి తెల్లటి గీతలా కనిపిస్తుంది. నా ముంజేయి ఎక్స్‌రే తీసి చూపించారు, ఆ పొర శుభ్రంగా ఉంది. ఎముకలు మాత్రం పలచగా, మసకగా ఉన్నాయి. తొడ ఎముక మెడ దగ్గర, కటి ఎముకలో సన్నటి అడ్డగీతలు ఉన్నాయి. వాటిని లూజర్ జోన్లు అంటారట. పూర్తిగా విరగని, పూర్తిగా అతకని పగుళ్ళు అవి. (ఫ్లోరైడ్‌తో పాటు తిండిలో కాల్షియం తక్కువైతే ఎముకలు మెత్తబడటమూ ఉంటుందట, కాబట్టి ఒక్క ఎక్స్‌రే చూసి ఎవరికి వారు తేల్చుకోకండి.)

వెల్లూరు దాకా వెళ్ళేలోపు జరిగినవి త్వరగా చెప్పేస్తాను. నడుముకు ఎంఆర్ఐ తీసి డిస్క్ కొంచెం జరిగిందన్నారు, బెల్టు ఇచ్చారు. విటమిన్ డి సాచెట్లు వాడాను, ఇంజెక్షన్లు కూడా వేశారు, విటమిన్ డి పెరిగింది కానీ నొప్పి అలాగే ఉంది. ఒకచోట కీళ్ళవాతం అని మందులు పెట్టారు. ఒకచోట ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేసి బోలు ఎముకల వ్యాధి అన్నారు, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాశారు. స్కూలు పరీక్షల వల్ల అది వాయిదా పడింది. అదే మంచిదైంది, ఎందుకంటే డెక్సాలో నంబరు తగ్గడం ఒక్కటే తెలుస్తుంది, బోలు ఎముకలా మెత్తబడ్డ ఎముకలా అన్నది దానికి తెలియదు. ఖనిజం సరిగా పట్టని ఎముకకు ఆ ఇంజెక్షన్ పనికిరాదు, కాల్షియం, ఫాస్ఫరస్ ఇంకా పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఒక పెద్ద డాక్టరైతే మా ఆయనతో విడిగా "మేడమ్‌కి మానసికంగా ఏమైనా టెన్షన్ ఉందా" అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధే.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ బోన్ స్కాన్. టెక్నీషియం అనే రేడియో పదార్థం ఎక్కించి ఒళ్ళంతా తీస్తారు. అందులో పక్కటెముకల్లో, తుంటిలో, వెన్నులో, తొడల్లో బోలెడన్ని నల్లచుక్కలు. రిపోర్టులో ఎముకలకు పాకిన క్యాన్సర్ అయి ఉండొచ్చు, ఎక్కడ మొదలైందో వెతకండి అని రాశారు. ఆ కాగితం చదివిన రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు. మా అన్నయ్య ఒంగోలు నుంచి వచ్చేశాడు. రొమ్ము పరీక్షలన్నీ చేశారు, పొట్ట స్కాన్ చేశారు, థైరాయిడ్ గ్రంథి చూశారు. తర్వాత పెట్ స్కాన్ అన్నారు, అదీ చేయించాం. ఎక్కడా ఏమీ లేదు.

ఇక్కడ ఆగి రెండు విషయాలు చెప్పాలి, నాలాంటివాళ్ళకు ఎక్కువగా ఉపయోగపడేవి ఇవే అని నా నమ్మకం.

బోన్ స్కాన్ చూపించేది ఎముక ఎక్కడెక్కడ హడావుడిగా తనను తాను కట్టుకుంటోందో ఆ చోట్లు. క్యాన్సర్ పాకినా చుక్క పడుతుంది, పగులు అతుక్కుంటున్నా చుక్క పడుతుంది. మెత్తబడ్డ ఎముకల్లో చిన్న చిన్న పగుళ్ళు ఎన్నో ఉంటాయి కాబట్టి అన్ని చోట్లా చుక్కలు పడతాయి. పక్కటెముకల్లో వరసగా, రెండు వైపులా చుక్కలుంటే ఆస్టియోమలేషియా కూడా ఆలోచించాలని తెలిసిన డాక్టర్లు అంటారు. ఆ స్కాన్‌లో కనిపించేది జరిగిన నష్టం. దానికి కారణమైన గడ్డ ఎక్కడుందో అది చెప్పదు.

ఇక పెట్ స్కాన్. మామూలుగా క్యాన్సర్ కోసం తీసే పెట్ స్కాన్ ఎఫ్‌డీజీ అనే పదార్థంతో, అంటే రేడియో ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్‌తో చేస్తారు. దాన్ని చాలా చోట్ల పుర్రె అడుగు నుంచి తొడల మధ్య దాకానే తీస్తారు. ఎక్కువ క్యాన్సర్లకు అది సరిపోతుంది, అందుకే అదే పద్ధతి. నా రిపోర్టులో కూడా ఆ ముక్క స్పష్టంగా రాసి ఉంది, స్కాన్ చేసిన భాగం ఇంతవరకు అని. మేం గానీ, ఆ రిపోర్టు చూసినవాళ్ళు గానీ ఆ ముక్క పట్టించుకోవాల్సిన కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. నా మోకాళ్ళ కింద ఏముందో ఆ స్కాన్ చూడనే లేదు.

వెల్లూరులో మొదటి రోజే హార్మోన్ల విభాగానికి పంపారు. అక్కడి డాక్టరమ్మ నా ఫైల్ మొత్తం తిరగేసి, మంచం మీద కూర్చోబెట్టి తొడలతో తోయమంది, కింద కూర్చుని లేవమంది. లేవలేకపోయాను. "ఫాస్ఫరస్ ఎక్కడమ్మా?" అని అడిగింది. మర్నాడు పొద్దున పరగడుపున రక్తం తీశారు. మొదటిసారి మూత్రం వదిలేసి, తర్వాతిది పట్టి ఇమ్మన్నారు, రక్తం కూడా అదే సమయంలో ఇవ్వాలి. పెద్దవాళ్ళకు ఫాస్ఫరస్ డెసీలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. నాకు 1.3. కాల్షియం మామూలుగానే ఉంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్ నుంచే కాక ఎముకల నుంచి కూడా వచ్చే ఎంజైమ్) మాత్రం బాగా ఎక్కువ. ఈ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పాత రిపోర్టుల్లో కూడా ఎక్కువగానే ఉంది, లివర్ పరీక్షల్లో భాగంగా వస్తుంది కాబట్టి దాన్ని లివర్‌కు సంబంధించిందిగా చూశారు.

రక్తంలో తక్కువైందంటే తినక తగ్గిందా, కిడ్నీల గుండా పోతోందా తెలియాలి కదా. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్, క్రియాటినిన్ ఈ నాలుగు నంబర్లతో ఒక లెక్క వేస్తారు. వడగట్టిన ఫాస్ఫరస్‌లో కిడ్నీ వెనక్కి పీల్చుకున్నది ఎంత శాతమో వస్తుంది. మామూలుగా 85 శాతం పైనే పీల్చుకోవాలి, రక్తంలో ఇంత తక్కువ ఉన్నప్పుడైతే ఇంకా గట్టిగా పట్టుకోవాలి. నాకు 62 శాతం వచ్చింది. అంటే ఒంటికి కావాల్సిన ఫాస్ఫరస్ మూత్రంలో పోతోంది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. చిన్నప్పుడు కాళ్ళు వంకరగా ఉండేవా, పళ్ళు త్వరగా పాడయ్యాయా, ఇంట్లో ఎవరైనా పొట్టిగా ఉన్నారా, పెళ్ళప్పటి ఫోటో ఉందా. పుట్టుకతో వచ్చే రకం కూడా ఉంది కాబట్టి అవన్నీ అడిగారు. హెపటైటిస్‌కు టెనోఫోవిర్ లాంటి మాత్రలు వాడారా, రక్తం తక్కువని సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకున్నారా అని కూడా అడిగారు. ఆ మందుల్లో కొన్నిటి వల్ల కూడా ఫాస్ఫరస్ ఇలాగే పోతుందట. ఈ ఐరన్ సంగతి మన ఆడవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. మూత్రంలో షుగర్, ప్రోటీన్ పోతున్నాయేమో కూడా చూశారు. నాకు అవేవీ లేవు.

అప్పుడు ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌కు రక్తం పంపారు. ఎముకలో మామూలుగా తయారయ్యే హార్మోనే అది, ఒంట్లో ఫాస్ఫరస్ ఎక్కువైనప్పుడు కిడ్నీకి చెప్పి బయటికి పంపిస్తుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారకుండా కూడా ఆపుతుంది, నాకు అన్ని సాచెట్లు వాడినా లాభం లేకపోవడానికి కారణం అదే. ఫాస్ఫరస్ తక్కువగా ఉన్నవాళ్ళలో ఈ హార్మోన్ బాగా అణిగి ఉండాలి. నాకు మామూలు హద్దు దాటి కొన్ని రెట్లు ఉంది. ఎక్కడో ఒక గడ్డ దాన్ని ఆపకుండా తయారుచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. "భయపడకండి, ఇది ఎక్కువగా క్యాన్సర్ కాదు, దొరికితే తీసేస్తాం, దొరకడమే కష్టం" అంది. క్యాన్సర్ కాదన్న మాట ఒక డాక్టరు నోట విని మా ఆయన అక్కడే కళ్ళు తుడుచుకున్నాడు.

ఇల్లు కట్టించినవాళ్ళకు తెలుస్తుంది, స్లాబుకు ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోయకుండా దాని మీద నడిస్తే ఎలా ఉంటుందో. నా ఎముకల్లో చువ్వలున్నాయి, పోయడానికి కాంక్రీటు లేదు, కాల్షియం ఉన్నా ఫాస్ఫరస్ లేనిదే అది గట్టిపడదు.

1959లో స్విట్జర్లాండ్‌లో ఆండ్రియా ప్రాడర్ అనే పిల్లల డాక్టరు ఇలాగే ఎముకలు మెత్తబడిన ఒక చిన్నమ్మాయి పక్కటెముకలో గడ్డ చూశాడు, దాన్ని తీసేస్తే ఆ పిల్ల కోలుకుంది. గడ్డే ఈ జబ్బుకు కారణమని గట్టిగా చెప్పింది ఆయనే. ఆ గడ్డ ఏం వదులుతోందో తెలియడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది, 2001లో జపాన్ పరిశోధకులు ఇలాంటి గడ్డలోంచే ఎఫ్‌జీఎఫ్ 23ను పట్టుకున్నారు. నేను ఇంటికొచ్చాక ఇవన్నీ చదువుకున్నాను. 1980లలో మా ఊళ్ళో ఎవరికైనా ఇది వచ్చి ఉంటే ఏమై ఉండేదో అని చాలాసార్లు అనుకుంటాను, ఫ్లోరైడ్ అనుకునే పోయి ఉంటారు.

గడ్డ కోసం వెతుకులాట మొదట చేతులతోనే. నోటి లోపల, చిగుళ్ళు, ముక్కు, చంకలు, గజ్జలు, వీపు, వేళ్ళ సందులు అన్నీ తడిమి చూశారు. ఏమీ తగల్లేదు. ఈ గడ్డలు ఎక్కువగా కాళ్ళల్లోనూ, ముఖం దగ్గర ముక్కు పక్క గాలి గదుల్లోనూ వస్తాయట, చర్మం కింద ఉండొచ్చు, ఎముకలో ఉండొచ్చు, ఒక్కోసారి శనగగింజంత కూడా ఉండవు.

ఆ తర్వాత గాలియం 68 డోటా పెట్ సీటీ. ఈ గడ్డల కణాల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువగా ఉంటాయి. ఆ హార్మోన్‌ను పోలిన చిన్న పదార్థానికి గాలియం తగిలించి రక్తంలోకి పంపితే అది వెళ్ళి ఆ రిసెప్టర్లకు అతుక్కుంటుంది, అతుక్కున్న చోటు స్కాన్‌లో వెలుగుతుంది. ఎఫ్‌డీజీ స్కాన్ చూసేది ఏ కణం గ్లూకోజ్ ఎక్కువ తింటోందో, ఇలాంటి నెమ్మదిగా పెరిగే గడ్డలు అందులో తప్పించుకోవచ్చు. నాలాంటి జబ్బుకు గాలియం స్కాన్ మెరుగని అక్కడివాళ్ళు చెప్పారు.

ఆ రోజు ఎలా జరిగిందో చెబుతాను, చేయించుకోబోయేవాళ్ళకు పనికొస్తుంది. ఎఫ్‌డీజీకి లాగా ఎక్కువసేపు పస్తు ఉండనక్కర్లేదు, షుగర్ నంబరుతో పెద్ద పట్టింపు లేదు, నీళ్ళు బాగా తాగమన్నారు. గర్భం ఉందేమో అడిగారు, సొమాటోస్టాటిన్‌ను పోలిన ఆక్ట్రియోటైడ్ అనే మందు ఇంజెక్షన్లు వాడుతున్నారా అని అడిగారు. పిలిచిన టైముకు అక్కడ ఉండటం ముఖ్యం. గాలియంను అక్కడికక్కడే జనరేటర్ అనే పరికరం లోంచి తీస్తారు, 68 నిమిషాలకోసారి దాని బలం సగానికి పడిపోతుంది. మనం టీ తాగొచ్చేసరికి మనకోసం తీసిన మందు చల్లారిపోయినట్టే. చేతి నరానికి ఎక్కించాక దాదాపు గంట విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. మంట, నొప్పి ఏమీ లేవు. స్కాన్ ముందు మూత్రానికి వెళ్ళి రమ్మన్నారు.

నాకు కష్టమైంది ఆ సన్నటి గట్టి బల్ల మీద పడుకోవడం. పగిలిన పక్కటెముకలతో వెల్లకిలా కదలకుండా ఉండటం మాటలు కాదు. అక్కడి టెక్నీషియన్ అబ్బాయి మంచివాడు, మోకాళ్ళ కింద దిండు పెట్టి "అక్కా, ముందే నొప్పి మాత్ర వేసుకున్నారా" అని అడిగాడు. మీరు కూడా డాక్టర్ని అడిగి ముందే వేసుకోండి. తల నుంచి ఒకసారి తీసి, తర్వాత కాళ్ళు విడిగా వేళ్ళ చివర దాకా తీశారు. చేతులు కూడా వదల్లేదు. స్కాన్ రాసిచ్చిన కాగితం మీద డాక్టరమ్మ పెద్ద అక్షరాలతో రాసింది, నడినెత్తి నుంచి కాలి వేళ్ళ దాకా, చేతులతో సహా అని. మీకు ఎవరైనా ఈ స్కాన్ రాస్తే ఈ మాట కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి, స్కాన్ గదిలో కూడా మళ్ళీ చెప్పండి. దీని గురించి ఎంతసేపైనా చెబుతాను, ఎందుకంటే నా గడ్డ దొరికింది ఎడమ అరికాల్లో, మడమకు కొంచెం ముందు.

కంప్యూటర్ తెర మీద మా ఇద్దరికీ చూపించారు. ప్లీహం, కిడ్నీలు, మూత్రాశయం, మెదడు కింద పిట్యూటరీ ఇవన్నీ మామూలుగానే అందరికీ వెలుగుతాయని చెప్పారు. పక్కటెముకల దగ్గర పగుళ్ళున్న చోట కూడా కొద్దిగా వెలుగు ఉంది. అవి చూసి మా ఆయన కంగారుపడితే, అతుక్కుంటున్న పగుళ్ళు ఈ స్కాన్‌లో కూడా కొంచెం పట్టుకుంటాయి, వాటిని గడ్డ అనుకోకూడదు అన్నారు. కిందికి వస్తే, మామూలుగా ఏమీ వెలగని పాదంలో ఒక్క చుక్క గట్టిగా వెలుగుతోంది. డాక్టరమ్మ సరిగ్గా ఆ చోట బొటనవేలితో లోతుగా నొక్కింది. అప్పుడు తగిలింది చిన్న గట్టిదనం. అంతకుముందు అదే పాదాన్ని ఎంతమంది చూశారో, ఎక్కడ నొక్కాలో తెలియకపోతే తగిలేది కాదు.

ఆ తర్వాత పాదానికి మాత్రమే ఎంఆర్ఐ తీశారు. పెట్‌తో చోటు తెలుస్తుంది, ఎంఆర్ఐతో దాని అంచులు, నరాలకూ కండర తాళ్ళకూ ఎంత దగ్గరుందో తెలుస్తుంది. సుమారు ఒకటిన్నర సెంటీమీటర్. ముందే ఒళ్ళంతా ఎంఆర్ఐ తీయొచ్చు కదా అని మా అన్నయ్య అడిగాడు. అలా తీస్తే ఏవేవో చిన్న చిన్నవి కనిపించి వాటిలో హార్మోన్ వదిలేది ఏదో తెలియక తికమక అవుతుంది, ముందు పని చేస్తున్న చోటు పట్టుకుని తర్వాత దాని ఆకారం చూడాలి అని చెప్పారు. సూదితో ముక్క తీసి పరీక్షించలేదు, లెక్కలన్నీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు నేరుగా తీసేయడమే మంచిదన్నారు.

ఆపరేషన్ తేదీ వచ్చేలోపు ఫాస్ఫరస్ అందించే ఫాస్ఫేట్ మందు, కాల్సిట్రియాల్ (పనిచేసే రూపంలోనే ఉన్న విటమిన్ డి) మాత్రలు ఇచ్చారు. ఫాస్ఫేట్ రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా తాగాలి, ఒకేసారి తాగితే విరేచనాలు, పైగా కొద్ది గంటల్లోనే మూత్రంలో పోతుంది. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. కడుపునొప్పితో ఇబ్బంది పడ్డాను కానీ, కొన్ని వారాలకే మంచం మీద తిరగడం తేలికైంది. అసలు రెండేళ్ళలో మొదటిసారి ఒక మందు పనిచేయడం చూశాను.

నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. గడ్డను ఒక్కదాన్నే గిల్లి తీయకుండా చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీశారు, ఏ కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుందట. అరికాలు కాబట్టి ఎంత ఎక్కువ తీస్తే నడక అంత దెబ్బతింటుంది, ఎంత తక్కువ తీస్తే అంత ప్రమాదం, ఆ సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పారు సర్జన్ గారు. ఫాస్ఫేట్ ఆపేసి రోజూ పొద్దున రక్తం తీసేవాళ్ళు. 1.5, తర్వాత 2 దాటింది, వారం తిరక్కముందే 2.9. ఒక్క మాత్ర లేకుండా. ఎఫ్‌జీఎఫ్ 23 అయితే గడ్డ తీసిన కొద్ది గంటల్లోనే పడిపోతుందట. ఆ 2.9 నంబరు నర్సమ్మ చెప్పినప్పుడు నేను, పక్క మంచం ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాం. ఆవిడది చిత్తూరు, ఆవిడ జబ్బు వేరే, అయినా నా నంబర్లన్నీ ఆవిడకు నోటికి వచ్చు.

తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టులో ఫాస్ఫాట్యూరిక్ మెసెంకైమల్ ట్యూమర్ అని వచ్చింది, ఈ జబ్బు తెచ్చే గడ్డకు డాక్టర్లు పెట్టిన పేరే అది, క్యాన్సర్ లక్షణాలు లేవు, అంచుల్లో గడ్డ లేదు.

నంబరు బాగైన రోజే నొప్పి పోతుందని ఎవరూ అనుకోవద్దు. ఇంటికొచ్చాక మొదటి వారాల్లో నాకు ఎముకల నొప్పి ఇంకా పెరిగింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా తగ్గే ముందు పెరిగింది. ఇన్నాళ్ళూ ఖనిజం లేక ఎండిన ఎముకలు ఒక్కసారిగా లాగేసుకుంటాయి కాబట్టి కాల్షియం, కాల్సిట్రియాల్ కొన్నాళ్ళు కొనసాగించారు. తొడ ఎముక పగులు కోసం వాకర్‌తోనే నడవమన్నారు, అది ఆపరేషన్ లేకుండానే అతుక్కుంది. నెలల మీద నెలలు పట్టింది. ముందు పక్కటెముకల పోటు పోయింది, తర్వాత తొడల్లో బలం వచ్చింది, బస్సు ఫుట్‌బోర్డు చివర్లో. తగ్గిన ఎత్తు మాత్రం తిరిగి రాదన్నారు, చీరల కింద ఫాల్స్ మార్పించుకున్నాను.

గడ్డ దొరకనివాళ్ళ గురించి కూడా రాయాలి. వెల్లూరులో ఒకాయన కలిశారు, ఆయనకు మొదటి స్కాన్‌లో ఏమీ తేలలేదు, ఫాస్ఫేట్, కాల్సిట్రియాల్ మీద ఉంచి, తర్వాత మళ్ళీ చేస్తే ముక్కు పక్క సైనస్‌లో దొరికింది. అన్నాళ్ళూ ఆయన ముక్కు దిబ్బడకు చుక్కలు వేసుకుంటున్నారట. కాబట్టి ఒకసారి దొరకలేదంటే లేదని కాదు. తీయడానికి వీల్లేని చోట ఉంటే సూది ద్వారా వేడితో కాల్చే పద్ధతి కొన్ని చోట్ల చేస్తున్నారు. ఎఫ్‌జీఎఫ్ 23ను అడ్డుకునే బురోసుమాబ్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో ఈ జబ్బు కోసం 2020లో అనుమతి వచ్చింది, ధర మాత్రం మనలాంటివాళ్ళకు అందేది కాదు. ఎక్కువ కాలం ఫాస్ఫేట్ వాడేవాళ్ళకు పారాథైరాయిడ్ గ్రంథులు ఉబ్బడం, కిడ్నీలో కాల్షియం పేరుకోవడం జరగొచ్చు, అందుకని పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), మూత్రంలో కాల్షియం, కిడ్నీ స్కాన్ చూపించుకుంటూ ఉండాలి, బాగుంది కదా అని సొంతంగా నడిపించకండి.

నేను మళ్ళీ స్కూలుకు వెళ్తున్నాను. ఈ గడ్డ కొందరిలో ఏళ్ళ తర్వాత అదే చోట మళ్ళీ రావచ్చని చెప్పారు, అందుకని కొన్ని నెలలకోసారి పరగడుపున ఫాస్ఫరస్ చూపించుకుంటాను. పోయిన నెల 3.4 వచ్చింది. మా ఊరి ల్యాబ్ అబ్బాయికి ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు, నడుం నొప్పులని ఎవరు వచ్చినా "డాక్టర్ గారిని అడిగి ఫాస్ఫరస్ కూడా చూపించుకోండి" అని అతనే అంటున్నాడు.